బాలీసులో కుట్టేసిన నాటకం

మదార్ సాహెబ్ అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు, ఒక దిండుకు బదులుగా. ఆత్మకూరులో ఒక ముసలి అయ్యవారు ఆయనతో పరుపు దూది ఏకించుకుని, తీరా కూలి ఇవ్వాల్సి వచ్చేసరికి ఇంట్లో ఏమీ లేదని తెల్లముఖం వేశారట. "దుడ్లు లేవు సాయిబూ, సదువు కావల్నా?" అని నవ్వులాటకు అడిగారు. ఇరవై ఏళ్ల మదార్ సాహెబ్ నవ్వలేదు. దూది ఏకే విల్లు గోడకు ఆనించి అరుగు మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత ఏటా ఎండాకాలంలో ఆ ఊరికి పోయి, ఒక దిండు ఏకి ఇచ్చి, పది రోజులు చదువు చెప్పించుకునేవాడు. గుణింతాలకు ఒక ఏడు పట్టింది, ఒత్తులకు మరో ఏడు. నాలుగో ఏటికి అయ్యవారి ఇంట్లో మనుషుల కన్నా దిండ్లు ఎక్కువయ్యాయి. "ఇంకోటి తెస్తే నేను వాకిట్లో పండుకోవల్ల. పో, ఇంక నీది నువ్వు రాసుకో" అని సాగనంపారట.

ఇదంతా నేను బేతంచెర్లలో ఆయన నాపబండల పైకప్పు ఇంటి ముందు కూర్చుని విన్నది. అప్పటికి ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. చేతులు వణుకుతున్నాయని విల్లు పట్టడం మానేశాడు, పెన్సిల్ పట్టడం మానలేదు. ఐదు నాటకాలు రాశాడు. ఒక్కటీ అచ్చు కాలేదు. బేతంచెర్ల దాటి నలభై మైళ్లు పోతే ఆయన పేరు తెలిసినవాళ్లు లేరు. మరి ఎందుకు రాస్తావని నేను ఒకసారి కాదు, పదిసార్లు అడిగి ఉంటాను. ఒకనాడు "పొద్దుపోక" అనేవాడు. ఇంకోనాడు "పీరమ్మతో కొట్లాడే దానికన్నా ఇది మేలు" అనేవాడు. భార్య పీరమ్మ లోపల్నుంచి దగ్గేది. నేను పట్టు వదలకుండా పోతూ ఉంటే చివరికి ఒక మధ్యాహ్నం, ఇంకేదో అడిగితే, 'కంకర బాట' నాటకం సంగతి మొదలుపెట్టాడు. నా ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు అదేనని ఇంటికి వచ్చాక గానీ నాకు తట్టలేదు.

దూదేకులవాళ్ల పనికి ఒక కాలం ఉంటుంది. పత్తి ఇళ్లకు చేరాక మొగుడు విల్లు, పెళ్లాం మూట భుజాన వేసుకుని ఊరూరూ తిరుగుతారు. వంచిన బద్దకు బిగించిన నరం దూదిలో పెట్టి కొయ్యతో కొడుతుంటే గడ్డలు విడిపోయి పొగలా లేస్తుంది. మదార్ సాహెబ్ ఏకేవాడు, పీరమ్మ గలీబుల్లో నింపి కుట్టేది. రోజంతా ఒకే మోత. ఆ మోత మీద ఆయన నోరు ఊరుకునేది కాదు. రాజు మాట, దొంగ మాట, అత్త మాట, అన్నీ తానే పలుకుతూ ఒక రంగం చెప్పేవాడు. ఇంట్లో ఆడవాళ్లు, పక్కింటి ఆడవాళ్లు పనులు తెచ్చుకుని చుట్టూ చేరేవాళ్లు. ఎక్కడ వాళ్ల చేతులు ఆగిపోయాయో అక్కడి మాటలు ఉంచుకునేవాడు. ఎక్కడ ఎవరైనా నీళ్లకు లేచిపోయారో ఆ మాటలు కొట్టేసేవాడు. పొద్దు వాలాక పశువుల కొట్టం వసారాలో కూర్చుని, మిగిలినవి పుస్తకంలోకి ఎక్కించేవాడు. రెండు మూడు నెలల తిరుగుడులో నాటకం కొంత నడిచేది. మరుసటి ఏడు ఇంకొంత.

అట్లా మూడు నాటకాలు అయ్యాయి. రాళ్ల గనుల్లో పనిచేసే కంబన్న, ఇంకో పదిమంది కలిసి వాటిని ఆడేవాళ్లు. కంబన్నకు గొంతు పెద్దది, జ్ఞాపకం చిన్నది. నాటకం మొదట్లో అందరికీ దండాలు చెప్పేది అతనే. ఊరి రెడ్డికి, కరణానికి, హార్మోనీ వాయించినవాడికి, దీపాలకు నూనె ఇచ్చినవాడికి చెప్పేవాడు. రాసినవాడి సంగతి ప్రతిసారీ మరిచిపోయేవాడు. పీరమ్మ ఊరుకోలేదు. "నూనె పోసినోని పేరు చెప్తిరి, మాటలు పోసినోని పేరు యాడబాయె?" అని మొగుణ్ణే దెప్పింది. "నూనె లేకుంటే నాటకం కనపడదు. నేను లేకున్నా కనపడతాది" అన్నాడట ఆయన. ఈ మాట నాకు చెప్పి, తనకు తానే కాసేపు నవ్వుకున్నాడు.

నాలుగోది 'కంకర బాట'. దానికి ఏడేళ్లు పట్టింది. అది ఆయన జేజి దౌలత్ బీ కథ. తాతల నాటి పెద్ద కరువు, ధాత కరువులో సర్కారువాళ్లు రోడ్డు వేయిస్తుంటే, ఆమె చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని కంకర కొట్టింది. ఆ పిల్లాడే మదార్ సాహెబ్ తండ్రి. సాయంకాలం కూలికి కొర్రలు కొలిచేవాళ్లు. కొలిచే ఊరి పెద్ద అందులో ఇసుక కలిపేవాడు. "పొద్దంతా రాళ్లు కొట్టి మాపటికి ఇసుక తింటిమి" అని ఆమె చెప్పేది. ఏ ఊరి పెద్దో ఆమెకు గుర్తు లేదు. ఒకటే గుర్తుంది. అతని కుడిచేతికి రెండు వేళ్లు లేవు, అందుకని ఎడమ చేత్తో కొలిచేవాడు.

ఆ నాటకం ముగింపుకు వచ్చింది వెయ్యి తొమ్మిదివందల ముప్పై ఒకటో సంవత్సరంలో. బండపల్లెలో మహానందిరెడ్డి కొత్త మిద్దె కట్టి, దానికి పరుపులు, దిండ్లు, వీపు ఆనుకునే ఒక పెద్ద బాలీసు కావాలని మదార్ సాహెబ్‌ను పిలిపించాడు. పన్నెండు రోజుల పని. దూది పక్కదారి పట్టకుండా రెడ్డి భార్య రామసుబ్బమ్మ పొద్దున్నుంచి మాపటిదాకా అక్కడే కూర్చునేది. నాటకంలో అప్పటికి ఒక్క రంగమే మిగిలి ఉంది. ఇసుక రంగం. పదకొండో రోజున అది ఆయన నోట్లో తయారైంది. విల్లు కొడుతూ మొదటిసారి ఆమె ముందరే చెప్పాడు. ఆమె నీళ్లకు లేవలేదు. అయిపోయాక ఒక్క మాట అడిగింది.

"ఎడమ చేత్తోనే కొలిచెనా?"

"అవునమ్మా. మా జేజి అట్లే చెప్పె."

ఆమె దూది త్వరగా కానిమ్మని చెప్పి లోపలికి పోయింది. ఆ సాయంత్రమే ఆయన రంగమంతా రాసి, పుస్తకం చివర గీత గీశాడు. ఏడేళ్ల పని ముగిసింది.

మరునాడు కాలం కాని వాన వచ్చింది. వసారా కారుతోంది. పుస్తకం తడవకుండా ఎక్కడ దాచాలా అని చూశాడు. తనకు తెలిసినంతలో లోకంలో దూది మధ్య కన్నా పొడిగా ఉండే చోటు లేదు. సగం నింపిన బాలీసులో పుస్తకం దూర్చాడు. ఇంతలో బయట వదిలిన విల్లు గుర్తొచ్చింది. తడిస్తే నరం సాగిపోయి పనికిరాకుండా పోతుంది. దాని కోసం పరుగెత్తాడు. పీరమ్మకు పని ముగించి బయల్దేరాలన్న తొందర. మిగతా దూది కూరి, మూతి కుట్టేసింది. రెడ్డిగారి మనుషులు బాలీసును మిద్దె మీదికి చేర్చారు.

మూడో ఊళ్లో గానీ ఆయనకు పుస్తకం గుర్తు రాలేదు. మూట అంతా కుమ్మరించి వెతికితే లేదు, బాలీసులోనే ఉండిపోయింది. సంగతి విని పీరమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "బరువుగా ఉంటే, ఈ తూరన్నా మంచి దూది పెట్టినావనుకుంటి" అంది.

పది మైళ్లు వెనక్కి నడిచి, మహానందిరెడ్డి ముందర నిలబడ్డాడు. రెడ్డి చెడ్డవాడు కాదని మదార్ సాహెబ్ నాతో రెండుసార్లు అన్నాడు. నాటకాలంటే ఇష్టం. దీపాలకు నూనె ఇచ్చేది ఆయనే. జరిగింది విని కడుపు పట్టుకుని నవ్వాడు, దగ్గరుండి బాలీసు విప్పించాడు. పుస్తకం చేతికి వచ్చాక మాత్రం ఇవ్వలేదు. చదివి ఇస్తాను, రెండు రోజులు ఉండమన్నాడు. తన రాత ఒక రెడ్డి చదువుతానంటే ఆయనకు ఆనందమే. ఉన్నాడు.

మూడో రోజు పిలుపు వచ్చింది. రెడ్డి మంచం మీద కూర్చుని ఉన్నాడు, పుస్తకం ఒళ్లో ఉంది.

"శానా బాగా రాసినావు సాయిబూ. బిడ్డ సచ్చిపోయే కాడ నాకు కండ్లలో నీళ్లు తిరిగె." పుస్తకం మూసి, "ఆ వేళ్లు లేనోడు ఎవురో తెలుసునా నీకు?" అన్నాడు.

"తెలీదు రెడ్డప్పా."

"మా తాత."

మదార్ సాహెబ్‌కు తిట్లు తప్పవనిపించింది. కానీ రెడ్డి అరవలేదు, మెల్లగానే చెప్పాడు. ఇసుక రంగం నాలుగు కాగితాలు. అవి చించేయాలి. మిగతాదంతా కర్నూలులో తన ఖర్చుతో అచ్చు వేయిస్తాడు. ఐదువందల పుస్తకాలు. అట్ట మీద మదార్ సాహెబ్ పేరే ఉంటుంది.

"ఆశ పడితివా?" అని నేను అడిగాను.

"పడకుంటానా?" అన్నాడు ఆయన. అట్ట ఏ రంగుండాలో కూడా ఆ నిలబడిన చోటే అనుకున్నాడట. ఎర్రది. దాని మీద పెద్ద అక్షరాలతో పేరు. దాన్ని చూసి కంబన్న ఏమంటాడో, పీరమ్మ ఏమంటుందో అన్నీ వినిపించాయట. ఆ ఎర్ర అట్టను మనసులోనే తెరిచి చదువుకుంటూ పోతే, కంకర కొట్టి లేచిన జేజి సాయంకాలం చెంగు పట్టుకుని నిలబడింది. అక్కడ ఆగిపోయాడు.

"ఆ నాలుగు కాగితాలు తీస్తే, మా జేజి మాపటికి ఏం తినెనని సూపించల్ల రెడ్డప్పా?"

"కొర్రన్నం తినెనని రాయి."

"తినలేదే."

రెడ్డికి అప్పుడు కోపం వచ్చింది. "ఎవురు సూస్తారని ఇంత పట్టు? బండలు కొట్టేటోళ్లు, గొర్రెలోళ్లు, అందరూ కలిసి నలభై మంది. వాళ్ల కోసం ఐదొందల పుస్తకాలు వద్దంటాండావే."

"నలభై మంది చాలు రెడ్డప్పా. మా జేజి చెప్పుకుంటే వినేదానికి అప్పుడు ఒక్కడూ లేకపాయె."

రెడ్డి పుస్తకాన్ని మళ్లీ బాలీసులో తోయించి, తన కళ్లెదుటే కుట్టించి, వీపు వెనక వేసుకుని ఆనుకున్నాడు. మనసు మారితే వచ్చి విప్పుకోమన్నాడు.

"ఆనుకోండి. మెత్తగా ఉంటాది" అన్నాడు మదార్ సాహెబ్. "నేను ఇంకోటి రాసుకుంటా."

అనడం తేలికే. ఇంటికి వచ్చి కొత్త పుస్తకం ముందు పెట్టుకుంటే సగమే గుర్తుంది. విల్లు మోత లేకుండా మాటలు వరుసకు రావు. ఆ ఏడంతా పీరమ్మ సణిగింది. ఎర్ర అట్ట సంగతి ఆమెకు చెప్పి తప్పు చేశానని ఆయన అన్నాడు. "ఒక పూట ఇసుకకు బదులు కొర్రలు తింటే ఆ ముసల్ది ఏమన్నా అంటాదా?" అని ఆమె వాదన. ఆయన కొత్త పెన్సిల్ చెక్కుకున్నాడు.

పత్తి కాలం రాగానే ఒక ఉపాయం తోచింది. ఏ రంగం ఏ ఇంట్లో చెప్పాడో ఆయనకు బాగా గుర్తు. ఆ ఇళ్లకే పోయి, ఏకుతూ, మునుపు నేను చెప్పింది మళ్లీ చెప్పండని అడగడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు చెప్పారు. ఒక ఇంట్లో పాట మొత్తం వచ్చింది. ఒక ఇంట్లో మేస్త్రీ తిట్లు మాత్రమే మిగిలాయి, అవీ ఆయన రాసిన దానికన్నా ఘాటుగా. ఒక ముసలమ్మ దగ్గర పెద్ద రగడ అయింది. మొదటి పుస్తకంలో చంకలోని బిడ్డ రోడ్డు పక్కనే చచ్చిపోతాడు. రెడ్డికి కన్నీళ్లు వచ్చిన చోటు అదే. ముసలమ్మ చెప్పిన కథలో బిడ్డ బతికే ఉన్నాడు. అట్లా కాదని మదార్ సాహెబ్ సగం పూట వాదించాడు. జనం ఏడవాలంటే బిడ్డ చావాలన్నాడు.

ఆమె ఆకు నములుతూ అంతా విని, "ఆ బిడ్డ మీ నాయనే గదప్పా. వాడు సస్తే నువ్వు యాడనుంచి వస్తివి?" అంది.

కొర్రన్నం అబద్ధమని ఐదువందల పుస్తకాలు కాదనుకున్నవాడు, తన అబద్ధం ముసలమ్మ చేతికి చిక్కిందని అంత వయసులోనూ సిగ్గుపడుతూ నాకు చెప్పాడు. బిడ్డను బతికించి రాశాడు.

చివరికి మళ్లీ ఇసుక రంగమే మిగిలింది. దాన్ని ఆయన ఒక్క ఇంట్లోనే చెప్పాడు. సొంతంగా నాలుగుసార్లు రాసి చూశాడు. నాలుగుసార్లూ చప్పగా వచ్చింది. పీరమ్మ వద్దని ఎంత మొత్తుకున్నా వినకుండా, విల్లు భుజాన వేసుకుని బండపల్లె పోయాడు. రెడ్డి వ్యాజ్యం పని మీద కర్నూలు పోయాడు. బండిలో ఆనుకోవడానికి బాలీసు కూడా వెంట పోయింది.

వాకిట్లోకి వచ్చిన రామసుబ్బమ్మ ఈ ఏడు ఏకే దూది లేదంది. ఆయన కదలలేదు. "దూదికి రాలేదమ్మా. ఆ పొద్దు చెప్పింది నాకు మళ్లా రావడం లేదు" అన్నాడు.

ఆమె వీధి వైపు ఒకసారి చూసింది. గడప లోపల కూర్చుని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా అప్పజెప్పింది. ఒక్క మాట తప్పలేదు. ఆయన గడప బయట కూర్చుని రాసుకున్నాడు. పుస్తకం మూయబోతే ఆమె ఆగమంది.

"ఒకటి నీకు తెలీదు మదారన్నా. ఇసుక ఊరికే కలిపితే తెలిసిపోతాదని జల్లెడ పట్టిరి. కొర్రల మాదిరి కనపడేదాంక. పట్టింది మా అత్త. అప్పటికి కొత్తకోడలు. మామ చెప్తే కాదంటాదా? ఆ తర్వాత సచ్చేదాంక ఆయమ్మ జల్లెడ ముట్టలేదు."

ఆయన చేతిలో పెన్సిల్ ఆగింది. "రాయమంటావా తల్లీ?"

"నాకు పనిలేక చెప్తాండానా? రాయి" అంది ఆమె.

ఆ ఏడే, ఎండలు ముదరకముందు, బేతంచెర్లలో గనుల దగ్గర నాటకం ఆడారు. నాపబండలు పేర్చి వేదిక కట్టారు, గోనెపట్టాలు తెరలయ్యాయి. దీపాలు పెట్టే వేళకు బండలు కొట్టే ఆడా మగా వచ్చి కూర్చున్నారు. ఆ రోజు నలభై కాదు, మూడువందల మంది. వాళ్లలో చాలామందికి కూలి గింజల్లోనే వచ్చేది. నాటకం మొదలయ్యాక ఒక బండి వచ్చి ఆగింది. మహానందిరెడ్డి నలుగురు మనుషులతో దిగి, ముందుకు వచ్చి కూర్చున్నాడు. జనం సర్దుకుని చోటిచ్చారు.

ఇసుక రంగానికి ముందు, రెడ్డి మనిషి ఒకడు తెర వెనక్కి వచ్చాడు. ఆ ఒక్క తావు వదిలేసి ఆడుకోండి, మిగతాదానికి రెడ్డప్ప అడ్డం రాడు అని చెప్పి పోయాడు. ఊరి పెద్ద వేషం కంబన్నది. అప్పటికే తలపాగా కట్టుకుని, రెండు వేళ్లు మడిచి సిద్ధంగా ఉన్నాడు. ఆ మాట వినగానే తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేను పంటలో పాలిచ్చి ఆయన చేన్ని కోరుకు చేసుకుంటాండా మదారప్పా. నాకు నలుగురు బిడ్డలు."

మదార్ సాహెబ్ అతన్ని తప్పు పట్టలేదు. నాతో చెప్పేటప్పుడు కూడా పట్టలేదు. తెర పక్క కూర్చుని మాటలు అందించడమే తప్ప, అంతవరకు ఆయన వేదిక ఎక్కి ఎరగడు. పుస్తకం పీరమ్మ చేతిలో పెట్టాడు. ఆమెకు చదువు రాదు. రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఆయన ఆ తలపాగా తీసుకుని చుట్టుకున్నాడు. కుడిచేతి వేళ్లు రెండు మడిచి, గంప చంకన పెట్టుకుని దీపాల ముందుకు పోయాడు.

ఎడమ చేత్తో కొలిచాడు. జల్లెడ పట్టించాడు. కోడలి వేషం వేసినవాడు జల్లెడ ఆడించాడు. దౌలత్ బీ ముద్ద నోట్లో పెట్టుకుని పళ్ల కింద కరకరమంటే ఆగి, బిడ్డ నోట్లోంచి వేలితో ఇసుక తీసింది. రంగం అయిపోయింది. వెనక వరసలో ఎవరో "ఇంకోతూరి" అన్నారు. తర్వాత అందరూ అన్నారు. పాటలకు అట్లా అడగడం ఆయన చూశాడు గానీ, ఇసుక కొలిచే రంగాన్ని మళ్లీ ఆడమనడం ఎక్కడా చూడలేదు. గంప నింపుకుని మొదటి నుంచి ఆడాడు.

రెండోసారి అయ్యాక మహానందిరెడ్డి లేచి నిలబడ్డాడు.

"జల్లెడ సంగతి ఆ పుస్తకంలో లేదే" అన్నాడు.

ఎవరు చెప్పారని ఆయన అడగలేదు. అడిగినా మదార్ సాహెబ్ చెప్పేవాడు కాదు. వేళ్లు ఇంకా మడిచే ఉన్నాయి.

"లేదు రెడ్డప్పా. ఇది దానికన్నా మంచి పుస్తకం."

రెడ్డి పోయి బండి ఎక్కాడు. నలుగురు మనుషులూ వెనకాలే పోయారు. ఆనాటి నుంచి బండపల్లెలో ఏ ఇంటివాళ్లూ ఆయన్ను దూది ఏకడానికి పిలవలేదు. ఆ ఊరు తప్పించుకుని, నాలుగు మైళ్లు చుట్టు తిరిగి పోయేవాడు.

బండి చప్పుడు దూరమయ్యాక కంబన్న తెర చాటు నుంచి తల బయటపెట్టాడు. ఊరి పెద్దకు ఇంకా మూడు రంగాలున్నాయి. "ఇంక తలపాగా ఇయ్యప్పా, నేను ఆడతా" అన్నాడట.

"ఇస్తివా?" అన్నాను.

మదార్ సాహెబ్ నా వైపు అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు.

"యాడిస్తాను? తెల్లారేదాంక నేనే ఆడితిని."